కొలత తెలిసినవారి జీతం ఎందుకు పెరగదు?

సమస్య

ఇచ్చోడ మండలంలోని పత్తి రైతు కుటుంబంలో పుట్టి, టూల్ డిజైన్‌లో డిప్లొమా పూర్తిచేసి, హైదరాబాదు బాలానగర్‌లోని ఒక యంత్రభాగాల కర్మాగారంలో 8 ఏళ్లుగా పనిచేస్తున్న 31 ఏళ్ల యువకుడు ఈ లేఖ రాశారు. ఆయన పని సీఎంఎం ప్రోగ్రామింగ్. తయారైన లోహభాగం డ్రాయింగ్‌లోని కొలతలకు సరిపోయిందో లేదో తేల్చే యంత్రం ఏ చోట, ఏ వరుసలో తాకి చూడాలో ముందుగా రాసిపెట్టడమే ఆ పని. ఆపరేటర్‌గా చేరి మూడేళ్లలోనే సొంతంగా ప్రోగ్రాములు రాసే స్థాయికి ఎదిగినా జీతం నెలకు 32 వేల దగ్గర ఆగిపోయిందనీ, పెంచమన్నప్పుడల్లా కొలిచేది యంత్రమే కదా అన్న జవాబే వస్తోందనీ, సాఫ్ట్‌వేర్‌కు మళ్లిన తోటివారు అంతకు రెట్టింపు సంపాదిస్తున్నారనీ ఆయన బాధపడుతున్నారు. కొలత యంత్రాలు అమ్మే సంస్థలో చేరాలా, విమాన భాగాల పరిశ్రమకు వెళ్లాలా, అన్నీ వదిలి కోడింగ్ నేర్చుకోవాలా, లేక ఊరికి వచ్చి తండ్రితో కలిసి నాలుగెకరాలు సాగు చేసుకోవాలా అన్నది తేల్చుకోలేక సలహా కోరారు.

సలహా

కొలిచేది యంత్రమే అన్న మాటలో ఉన్న పొరపాటు ఆదిలాబాద్ మార్కెట్‌కు పత్తి తోలిన ప్రతి రైతుకూ తెలుసు. పత్తిలో తేమ 8 శాతం లోపు ఉంటే పూర్తి మద్దతు ధర వస్తుంది, అది దాటిన కొద్దీ ధరలో కోత పడుతుంది, 12 శాతం మించితే భారత పత్తి సంస్థ కొనదు. అందుకే తేమ మీటరును కుప్ప పైన గుచ్చారా, అడుగున గుచ్చారా అన్నదాని మీద రైతు కళ్లు ఉంటాయి. అంకె చూపేది మీటరే అయినా, ఆ అంకె నిజమా కాదా అన్నది గుచ్చిన చోటును బట్టి ఉంటుంది. లేఖకుడి వృత్తికీ ఇదే మూలసూత్రం.

సీఎంఎం యంత్రానికి ప్రోబ్ అనే చేయి, దాని చివర కెంపుతో చేసిన చిన్న గోళీ ఉంటాయి. ఆ గోళీ లోహాన్ని తాకిన ప్రతిసారీ ఒక బిందువు నమోదవుతుంది. గుండ్రటి రంధ్రాన్ని మూడు బిందువులతో కొలిస్తే ఆ మూడింటి మీదుగా ఒక వృత్తం ఎప్పుడూ కచ్చితంగా కుదురుతుంది కాబట్టి, రంధ్రం ఎంత వంకరగా ఉన్నా గుండ్రదనంలో లోపం సున్నా అనే నివేదిక వస్తుంది. బిందువులు పెంచి, అవి ఎక్కడ పడాలో ఆలోచించి రాసినప్పుడే వంకర బయటపడుతుంది. వేడి సంగతీ ఇంతే. కొలతలకు అంతర్జాతీయంగా నిర్ణయించిన ఉష్ణోగ్రత 20 డిగ్రీల సెల్సియస్. అల్యూమినియం ప్రతి డిగ్రీకీ మీటరుకు దాదాపు 23 మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతులు 23, సాగుతుంది. కాబట్టి 30 డిగ్రీల వేడిలో ఉన్న అరమీటరు భాగాన్ని తీసుకొచ్చి వెంటనే కొలిస్తే, సవరణ చేయని పక్షంలో సుమారు 115 మైక్రాన్ల తేడా వస్తుంది. మంచి భాగాన్ని తుక్కులో వేయడానికీ, చెడ్డ భాగాన్ని లారీ ఎక్కించడానికీ ఆ తేడా చాలు. దాన్ని ముందే పసిగట్టే బుద్ధి ప్రోగ్రాము రాసే మనిషిది, ఆయనకు జీతం రావలసింది ఆ బుద్ధికే.

అయితే ఆ బుద్ధి యజమాని కంట పడదు, ఆయన ముందుకు వచ్చేది నివేదిక కాగితమే. అందుచేత లేఖకుడు ముందు చేయవలసింది రాజీనామా కాదు, ఒక నోటు పుస్తకం పెట్టడం. ఏ జాబ్‌కు కొలిచే సమయం ఎంత నుంచి ఎంతకు తగ్గింది, ఏ లోపాన్ని మొదటి నమూనాలోనే పట్టుకోవడం వల్ల మిగతా లాట్ మిగిలింది, డ్రాయింగ్‌లోని ఏ అస్పష్టతను కొనుగోలుదారుడితో మాట్లాడి తేల్చారు అన్న వివరాలను తేదీలతో సహా మూడు నెలలు రాసుకుని, వాటికి రూపాయల లెక్క కట్టి, ఆ తరువాత జీతం మాట ఎత్తాలి. ఇంటి ఖర్చులు పెరిగాయన్న కారణానికి లేని బలం ఈ లెక్కకు ఉంటుంది.

అప్పటికీ జవాబు మారకపోతే చోటు మార్చడం న్యాయమే. ఈ విద్యకు విమాన పరిశ్రమతో పాత చుట్టరికం ఉంది: తాకగానే సంకేతమిచ్చే ప్రోబ్‌ను 1970ల ఆరంభంలో డేవిడ్ మెక్‌మర్ట్రీ రూపొందించింది కాంకార్డ్ విమానపు ఇంజిన్ భాగాలను కొలవడానికే. నేడు హైదరాబాదు శివార్లలోని ఆదిబట్లలో అపాచీ హెలికాప్టర్ల ఫ్యూజిలాజ్‌లు, అంటే విమాన దేహాలు, తయారవుతున్నాయి. ఇటువంటి పనిలో మొదటి భాగాన్ని ప్రతి కొలతతోనూ నిరూపించి కాగితం మీద పెట్టాలి కనుక కొలత తెలిసినవారి మాటకు బరువు ఎక్కువ. ఆ తలుపు తట్టేముందు జీడీ అండ్ టీలో, అంటే భాగం ఆకారానికీ స్థానానికీ ఎంత తేడాను సహించవచ్చో డ్రాయింగ్‌లో చెప్పే గుర్తుల భాషలో, పట్టు సాధించాలి. 1968 నుంచి బాలానగర్‌లోనే ఉన్న కేంద్రీయ టూల్ డిజైన్ సంస్థలో స్వల్పకాలిక శిక్షణల గురించి విచారించవచ్చు. పీసీ-డీమిస్, కాలిప్సో వంటి సాఫ్ట్‌వేర్లలో ఒకటే తెలిసి ఉంటే రెండోది కూడా నేర్చుకోవడం మంచిది. యంత్రాలు అమ్మే సంస్థల్లో అప్లికేషన్ ఇంజినీరు ఉద్యోగం రకరకాల పరిశ్రమలను చూపిస్తుంది గాని, అందులో ప్రయాణాలు ఎక్కువ కాబట్టి ఇంట్లోవారితో మాట్లాడాకే ఒప్పుకోవాలి. ఎక్కడికి వెళ్లినా పాత సంస్థ డ్రాయింగులను నమూనాగా చూపరాదు. సొంతంగా గీసిన భాగానికి ప్రోగ్రాము రాసి చూపడం నిజాయితీ, క్షేమం కూడా.

కొత్త కొలువు కాగితంలో ఏడాది మొత్తం ఎంతన్నది చూసి మురిసిపోకుండా బేసిక్ ఎంత, చేతికి వచ్చేదెంత అన్నవి చూడాలి. ఆ మొత్తంలో యజమాని కట్టే భవిష్యనిధి వాటాను కూడా కలిపి చూపడం సాధారణం కనుక పాత జీతంతో పోల్చేటప్పుడు దాన్ని విడదీయాలి. పది మందికి తక్కువ కాని సంస్థలో ఐదేళ్లు నిండిన ఉద్యోగి మానేసేటప్పుడు, సర్వీసులోని ఒక్కో ఏడాదికి 15 రోజుల వేతనం చొప్పున గ్రాట్యుటీకి హక్కుదారుడు. ఎనిమిదేళ్లు చేసిన లేఖకుడు దాన్ని వదులుకోకూడదు. శిక్షణ పేరిట బాండ్ అడిగితే, మధ్యలో మానేస్తే ఎంత కట్టాలో చదివి అర్థం చేసుకున్నాకే సంతకం చేయాలి.

కోడింగ్ నేర్చుకోవడం మంచిదే గాని, అన్నీ వదిలి నేర్చుకోవలసిన అవసరం లేదు. కొలతల గుట్టలో నుంచి ఏ పనిముట్టు అరుగుతోందో పట్టుకునే చిన్న పైథాన్ ప్రోగ్రాము రాయగలిగితే, 8 ఏళ్ల అనుభవానికి అది తోడవుతుంది. ఆ అనుభవాన్ని పక్కన పెట్టి వెళితే కొత్తవారి వరుసలో చివర నిలబడవలసి వస్తుంది. సేద్యానికి తిరిగి రావడం తప్పేమీ కాదు గాని, అది భూమి మీది మక్కువతో జరగాలే తప్ప కర్మాగారంలో ఎదురైన చిన్నచూపు తరిమితే జరగకూడదు. ఈ నిర్ణయం నోటు పుస్తకం నిండే దాకా ఆగవచ్చు. ఈలోగా ఊరికి వచ్చినప్పుడు ఆ పుస్తకాన్ని తండ్రికి చదివి వినిపిస్తే, మీటరు ఎక్కడ గుచ్చాలన్న దాని మీద ఏటా వాదులాడే ఆ రైతుకు కొడుకు పని ఏమిటో వెంటనే అర్థమవుతుంది.