బండరాళ్ల దారిలో ఇరుసు ఎందుకు విరుగుతుంది?

అమెరికాలో కొండదారుల్లోనూ ఎడారి బండలమీదా పికప్ ట్రక్కులు నడపడం చాలామందికి సరదా. 1970లు, 80లలో తయారైన షెవర్లే 'అర టన్ను' ఫోర్‌వీల్ డ్రైవ్ బండ్లు ఇప్పటికీ ఈ పనికి వాడతారు. కొన్నవారు సాధారణంగా మొదట చేసే పని పెద్ద టైర్లు వేయించడం. కొన్నాళ్లకు ఏదో రాతి ఎక్కుడులో 'ఫట్' మని శబ్దం వస్తుంది. ఇంజిన్ తిరుగుతూనే ఉంటుంది, బండి మాత్రం కదలదు. వెనుక ఇరుసు షాఫ్టు విరిగిందన్నమాట. దీన్ని దురదృష్టం అనుకోనక్కరలేదు. లెక్క వేస్తే ముందే తెలిసే సంగతి ఇది.

షాఫ్టు మీద పడే టార్క్, అంటే మెలితిప్పే బలం, ఇంజిన్ శక్తిని బట్టి మాత్రమే ఉండదు. టైరు నేలను పట్టుకున్నంత మేరకే అది షాఫ్టు మీద పడుతుంది. చక్రం మీది బరువు, నేలకూ రబ్బరుకూ మధ్య ఘర్షణ, టైరు వ్యాసార్ధం, ఈ మూడింటినీ గుణిస్తే ఆ హద్దు తెలుస్తుంది. ఎక్కుడులో ఒక వెనుక చక్రం మీద 1,200 కిలోల భారం పడిందనీ, ఘర్షణ గుణకం 0.8 అనీ అనుకుందాం. 31 అంగుళాల టైరుతో హద్దు సుమారు 3,700 న్యూటన్ మీటర్లు. 37 అంగుళాల టైరు వేస్తే అది 4,400కు చేరుతుంది. బండి బరువు పెరగలేదు, ఇంజిన్ మారలేదు. అయినా ఇరుసు మీద భారం దాదాపు 19 శాతం పెరిగింది.

టైరు రెండు రాళ్ల మధ్య ఇరుక్కుంటే ఈ హద్దు కూడా ఉండదు. జారే అవకాశమే లేదు కాబట్టి ఇంజిన్ ఇచ్చినదంతా షాఫ్టు మోయాలి. ఇంజిన్ 400 న్యూటన్ మీటర్లు ఇస్తుందనుకుంటే, మొదటి గేరులో 2.5 రెట్లు, ట్రాన్స్‌ఫర్ కేసు లో-గేరులో 2 రెట్లు, ఇరుసు గేర్లలో 3.73 రెట్లు పెరిగి 7,460 అవుతుంది. డిఫరెన్షియల్ లాక్ వేసి ఉంటే అందులో పెద్ద భాగం ఒక్క చక్రానికే పోవచ్చు. గాలిలో గిరగిరా తిరుగుతున్న బరువైన టైరు హఠాత్తుగా రాయిని పట్టుకున్నప్పుడు తగిలే కుదుపు దీనికి అదనం.

ఇక షాఫ్టు బలం సంగతి. గుండ్రటి కడ్డీ మెలికను తట్టుకునే శక్తి దాని వ్యాసం ఘనాన్ని బట్టి పెరుగుతుంది. అదే ఉక్కుతో 1.25 అంగుళాల కడ్డీకి బదులు 1.5 అంగుళాల కడ్డీ వేస్తే, లావు పెరిగింది 20 శాతమే అయినా బలం సుమారు 73 శాతం పెరుగుతుంది. మేలైన క్రోమ్‌మాలీ ఉక్కు షాఫ్టులూ దొరుకుతాయి. కానీ చిన్న ఇరుసులో గట్టి షాఫ్టు పెడితే బలహీనత అక్కడినుంచి గేరు పళ్లకో, బేరింగులకో జరుగుతుంది. ఒక్కొక్కటే మారుస్తూ పోతే చివరకు ఖర్చు తడిసి మోపెడవుతుంది.

అందుకే డబ్బు చూసి ఖర్చు పెట్టేవారు తుక్కు యార్డు దారి పడతారు. అక్కడ వెతికేది అదే కంపెనీ భారీ ట్రక్కుల్లో వాడిన '14 బోల్టుల' ఇరుసు. డిఫరెన్షియల్ మూతకు 14 బోల్టులుంటాయి కనుక ఆ పేరు. చిన్న బండ్ల '10 బోల్టుల' ఇరుసులో పెద్ద పళ్లచక్రం వ్యాసం 8.5 అంగుళాలైతే, ఇందులో 10.5. దాన్ని తిప్పే చిన్న గేరు కొనకు అదనంగా ఒక బేరింగు ఊతం ఉంటుంది. అందువల్ల భారం పడినప్పుడు పళ్లు ఒకదానికొకటి దూరంగా జరగవు.

అసలు తేడా మాత్రం చక్రాన్ని మోసే పద్ధతిలో ఉంది. చిన్న ఇరుసులో షాఫ్టే చక్రాన్ని తిప్పాలి, బండి బరువూ మోయాలి. లోపల సి ఆకారపు చిన్న క్లిప్పు ఒకటి దాన్ని పట్టి ఉంచుతుంది. షాఫ్టు విరిగితే చక్రం దానితోపాటే బయటికి వచ్చేయవచ్చు. వాలులో ఉన్నప్పుడు అది ప్రాణాపాయం. 14 బోల్టుల ఇరుసు 'ఫుల్ ఫ్లోటింగ్' రకం: బరువును గొట్టమూ దాని చివరి బేరింగులూ మోస్తాయి, షాఫ్టు తిప్పడానికే. అది విరిగినా చక్రం ఊడిపోదు. మన రోడ్ల మీది లారీల వెనుక చక్రం మధ్య పొడుచుకొచ్చిన హబ్బు, దాని చుట్టూ బోల్టుల వలయం కనిపిస్తాయే, అది ఇదే ఏర్పాటు. మెకానిక్ జాకీ ఎత్తకుండానే ఆ బోల్టులు విప్పి షాఫ్టును బయటికి లాగేస్తాడు.

గేర్ల నిష్పత్తి లెక్క కూడా చూసుకోవాలి. 31 అంగుళాల టైరుకు 3.73 సరిపోతే, 37కు 4.45 కావాలి. దొరికేవాటిలో దానికి దగ్గరిది 4.56. 1980లలో అమెరికా సైన్యం కోసం షెవర్లే చేసిన ఎం1008 ట్రక్కుల్లో వెనుక 14 బోల్టుల ఇరుసు, ముందు డానా 60 ఇరుసు ఇదే నిష్పత్తితో వచ్చాయి. అలాంటి జత దొరికితే గేర్లు మార్చే ఖర్చు మిగులుతుంది. ముందూ వెనుకా నిష్పత్తులు వేరైతే ఫోర్‌వీల్ వేయగానే ఇరుసులు ఒకదానితో ఒకటి పెనుగులాడతాయి.

ఇరుసు చవకగా దొరికినా వెంట వచ్చే ఖర్చులు చవక కావు. చక్రానికి ఆరు బోల్టుల బదులు ఎనిమిది కావాలి, అంటే రిమ్ములూ కొత్తవే. స్ప్రింగు కూర్చునే దిమ్మెలు మళ్లీ వెల్డు చేయాలి, ప్రొపెల్లర్ షాఫ్టు కోణం సరిచూడాలి, బ్రేకు గొట్టాలు అమర్చాలి. బరువైన ఇరుసు కావడంతో గతుకుల్లో చక్రం నేలను వెన్నంటి ఉండలేదు. లావైన డిఫరెన్షియల్ బొడ్డు రాళ్లకు తగులుతుంది కూడా.

యార్డులో కొనేముందు మూత విప్పి చూడటం తప్పనిసరి. నూనెలో సన్నటి బూడిదరంగు పొడి మామూలే, వేలికి తగిలే ఇనుప ముక్కలుంటే వదిలేయాలి. షాఫ్టు చివర నిలువు గాళ్లు తిన్నగా కాక మెలి తిరిగి ఉంటే, ఆ ఉక్కు ఒకసారి తన హద్దు దాటిందని అర్థం.

డిఫరెన్షియల్ గేర్లను వెల్డు చేసి రెండు చక్రాలనూ శాశ్వతంగా కలిపేయడం అన్నిటికన్నా చవకైన పని. బురద మడిలో ట్రాక్టరు లాక్ పెడల్ తొక్కినప్పుడు జరిగేది ఇదే. కానీ రైతు బురద దాటగానే కాలు తీసేస్తాడు, వెల్డుకు ఆ వీలు లేదు. తారురోడ్డు మలుపులో లోపలి చక్రం, బయటి చక్రం వేర్వేరు దూరాలు తిరగాలి. అది కుదరక టైరు ఈడ్చుకుపోతుంది, తడి రోడ్డుపై బండి పక్కకు జారుతుంది. రోడ్డెక్కే బండికి ఇది తగదు. భారత్‌లోనైతే 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను, తయారీదారు నిర్దేశించిన వివరాలకు భిన్నంగా బండిని మార్చడాన్నే నిషేధిస్తోంది.

వెనుక ఇరుసు గట్టిపడ్డాక తర్వాతి వంతు ముందు ఇరుసుది. స్టీరింగు తిప్పినప్పుడు వంగే కీలు అక్కడ ఉంటుంది, కోణం పెరిగేకొద్దీ దానిపై ఒత్తిడీ పెరుగుతుంది. ముందు వేసే డానా 60 తుక్కు యార్డుల్లో అరుదు, ధర ఎక్కువ. అందుకే ముందు పాత ఇరుసునే ఉంచుకునేవారు 37 ఆశ మానుకుని చిన్న టైర్లతో సరిపెట్టుకుంటారు, చక్రాలు పూర్తిగా తిప్పి ఉన్నప్పుడు యాక్సిలరేటర్ గట్టిగా తొక్కరు.