సహాయ నటి హ్యాటీ మెక్‌డానియల్

సినిమా అనగానే మనకు హీరో, హీరోయిన్లే గుర్తుకొస్తారు. సహాయ పాత్రలు వేసేవారిని అంతగా పట్టించుకోము. అలాంటి ఒక నటి గురించి తెలుసుకుందాం.

హ్యాటీ మెక్‌డానియల్ 1893లో అమెరికాలోని కాన్సాస్ రాష్ట్రంలో జన్మించారు. ఆమె తల్లిదండ్రులు ఒకప్పుడు బానిసలు. పాటలు పాడుతూ ఊరూరా తిరిగిన ఆమె, 1931లో లాస్ ఏంజెలెస్ చేరారు. వేషాలు లేనప్పుడు ఇళ్లలో పని చేసి పొట్ట పోసుకున్నారు. తెరమీద దొరికినవీ ఎక్కువగా పనిమనిషి పాత్రలే. ఆనాడు నల్లజాతివారికి అంతకు మించి ఇచ్చేవారు కాదు.

1939లో 'గాన్ విత్ ద విండ్' సినిమాలో మామీ అనే దాదిగా నటించారు. యజమాని కూతురు తప్పు చేస్తే నిలదీసే పాత్ర అది. అయినా అట్లాంటాలో జరిగిన మొదటి ప్రదర్శనకు వర్ణవివక్ష వల్ల ఆమె వెళ్లలేకపోయారు. 1940 ఫిబ్రవరి 29న ఉత్తమ సహాయ నటిగా ఆస్కార్ అందుకున్నారు. ఆ బహుమతి పొందిన మొదటి నల్లజాతి వ్యక్తి ఆమే. కానీ ఆ రాత్రి ఆమెను తోటి నటులతో కాక, వేరే బల్ల దగ్గర కూర్చోబెట్టారు.

ఎప్పుడూ పనిమనిషి వేషాలేనా అని సొంతవారు కూడా విమర్శించారు. అందులోనూ న్యాయముంది. 1952లో మరణించాక, ఆమె కోరుకున్న హాలీవుడ్ శ్మశానంలో చోటివ్వలేదు. 1999లో అక్కడ స్మారకం వెలిసింది.

వేరే బల్ల అంటే ఏమిటో, వేరే గ్లాసులో టీ తాగిన మన పెద్దలకు తెలుసు. మిత్రులారా! మనకు దొరికిన పని చిన్నదైనా శ్రద్ధగా చేద్దాం. వేరే బల్లను మాత్రం ఒప్పుకోవద్దు.