పాల ప్యాకెట్ ఎక్కడున్నదో అడుగు

మెట్‌పల్లి

బంగారు బిడ్డా,

నువ్వు పంపిన ప్రశ్నల కాగితం అందింది, అమ్మకు చదివి వినిపించిన, నీ రాత ఇప్పటికీ పలక మీద దిద్దినట్టే గుండ్రంగ ఉన్నదని మురిసిపోయింది. కాలేజీ పని మీదనైనా మన ఊరి ఇండ్లు తిరగనీకి వస్తున్నవు, సంతోషమే, కానీ చెత్త ముచ్చట తీస్తే ఎవరన్న మొఖం మాడ్చుకుంటే చిన్నబుచ్చుకుంటవేమోనని నాకు జెర బుగులు.

'తడి చెత్త, పొడి చెత్త వేరు చేస్తున్నారా?' అని మొదటి ప్రశ్న రాసినవు. అందరూ చేస్తున్నమనే చెప్తరు. అబద్ధమాడాలని కాదురా తల్లీ, గడపలకొచ్చిన ఆడపిల్లను చిన్నబుచ్చి పంపుడు మనోళ్లకు చాతకాదు. కూసోబెట్టి చాయ్ పోస్తరు, నువ్వు ఏం రాసుకుంటే సంబరపడతవో అదే చెప్తరు. ఆ ప్రశ్న పక్కనవెట్టి, పొద్దున చింపిన పాల ప్యాకెట్ ఇప్పుడెక్కడున్నదని అడుగు. వేరు చేసే ఇల్లైతే కడిగి తీగె మీద ఆరేసి ఉంటది, లేకుంటే అన్నం మెతుకులల్ల, చాయ్‌పత్తిల కలిసిపోయి ఉంటది. మూలను మొత్తం తెగ్గోసిండ్రా, కొంచెం కోసి వదిలిండ్రా అన్నది కూడ చూడు. ఆ చిన్న ముక్క మోరిల పడ్డదంటే ఇగ ఎవరి చేతికీ దొరకది.

పచ్చది తడికి, నీలంది పొడికి అని డబ్బాలు ఇచ్చిండ్రు గదా, ఒకరింట్ల నీలం డబ్బాల బియ్యం ఉంటయి, బీడీలు చేసే ఇంట్ల తునికాకు నానుతుంటది. నవ్వకు. అంత మంచి డబ్బాల చెత్తెట్ల వేస్తమని వాళ్ల బాధ. పారేసుడు తెలవని మనుషులు మనోళ్లు. పాత సామాన్లాయన కేకేసుకుంట వస్తే, మీ నాయనమ్మ విరిగిన బకెటు, తుప్పు పట్టిన తాళంకప్ప మంచం కిందికెల్లి తీసి, తూకం తనే చూసి ఉల్లిగడ్డలు తీసుకునేది, ఒక గడ్డ కొసరు లేకుండ ఆయనను కదలనిచ్చేది కాదు. ధర ఉన్నదాన్ని వేరు పెట్టుడు వాళ్లకు ఒకరు నేర్పే పని లేదు. చిప్స్ ప్యాకెట్‌కు, షాంపు పొట్లానికి ఎవడూ పైస ఇయ్యడు, అందుకే మోరిల తేలుతయి. 2019 అక్టోబర్‌ల ములుగు కలెక్టర్ నారాయణరెడ్డి కిలో ప్లాస్టిక్ తెస్తే కిలో బియ్యం అంటే జనం కదిలిండ్రు, మంచిదే, కానీ బియ్యం ఇచ్చుడు ఆగినంక ఏం చేస్తరన్నది నీ అసొంటోళ్లు అడగాలె.

సూర్యాపేటల ఇంకోతీరు. 2003 ప్రాంతంల అక్కడ కమిషనర్‌గ ఉన్న ఖాదర్ సాహెబ్, ఇంటికి రెండు డబ్బాలిచ్చి, గడప కాడికే బండి పంపి, వీధుల చెత్తకుండీలే తీసేయించిండు. తడిది ఎరువాయె, పొడిది అమ్ముడువాయె. అక్కడి జనం మనకంటె బుద్ధిమంతులని నేననుకోను, తాము వేరు చేసింది వేరుగనే పోతున్నదని కండ్లార చూసిండ్రు, అంతే. రెండు డబ్బాలూ ఒక్క ట్రాలీల కుమ్మరిస్తుంటే చూసిన ఇల్లాలు తెల్లారి ఎందుకు వేరు చేస్తది చెప్పు?

చట్టాలు నీకు నాకంటె ఎక్కువ తెలుసు. 2022 జులై 1 నుంచి ప్లాస్టిక్ గ్లాసులు, చెంచాలు బంద్, ఆ ఏడే డిసెంబర్ 31 నుంచి 120 మైక్రాన్లకు తక్కువున్న కవర్లు బంద్, అయినా చాయ్ పార్సిల్ అంటే సలసల కాగేదాన్ని పల్చటి కవర్ల పోసి, దారం చుట్టి చేతికిస్తున్నరు. ఖాదీకి పేరున్న ఊరు మనది, అంగట్ల బట్ట సంచి పట్టిన చెయ్యిని మాత్రం దేవులాడాలె. ఈ మాట ఊరోళ్ల ముందట అనకు.

నువ్వు నాలుగో తరగతిల ఉన్నప్పుడు గాజు గ్లాసు పగిలితే, పెంకలన్నీ ఏరి పేపర్ల చుట్టి, పైన 'అక్కా, గాజు ఉంది' అని రాసి, ఊడ్వనొచ్చే ఆమె చేతికే ఇచ్చినవు, ఆమెకు చదువు రాదని అమ్మ అంటే మల్ల ఉరికి నోటితోని చెప్పొచ్చినవు. ఆమె చేతికి గుచ్చుకుంటదన్నదొక్కటే నీ రంది. అందుకే అడుగుతున్న, నీ కాగితంల ఇంకో ప్రశ్న చేర్చు: చెత్త బండితోని వచ్చేటామె పేరు తెలుసా అని. పేరు తెలిసిన ఇండ్లల్ల బ్లేడ్లు, పిల్లల డైపర్లు ఎట్ల కట్టి ఇస్తున్నరో, తెలవని ఇండ్లల్ల ఎట్ల ఇస్తున్నరో వేరువేరుగ రాసుకో. నీ చదువుకు పనికొచ్చినా రాకున్నా, నాకు తెలుసుకోవాలని ఉన్నది.

బీడీలు ఒప్పజెప్పే టైముల పోకు, ఎవరూ తలెత్తి మాట్లాడరు. ఎండకు చున్నీ కప్పుకో, మంచినీళ్ల సీసా ఇంటికెల్లి తెచ్చుకో. బస్సు జగిత్యాల దాటంగనే ఫోన్ చెయ్యి, బస్టాండుకు నేనే వస్త.

నీ బాపు