సర్వస్వామ్యములు ఎవరివి?

పాత తెలుగు పుస్తకములలో ముఖపత్రము వెనుక “సర్వస్వామ్యములు గ్రంథకర్తవి” అను వాక్యము తరచుగ కన్పట్టును. మనము దానిని చదువకయే పుట త్రిప్పుదుము. నేడు చేతిఫోనునుండి పుస్తకములును, పాటలును, చలనచిత్రములును క్షణములో చేతులు మారుచున్నవి. కనుక ఆ వాక్యార్థమును పిల్లలును, తల్లిదండ్రులును తెలిసికొనవలెను.

ముందుగా ఈ పంపకము జరుగు తీరు చూతము. నలువదిమంది గల తరగతికి నాలుగువందల పుటల పుస్తకము ఒక్కటే యున్నదనుకొందము. ఒక్కొక్కరు పదేసి పుటలు వ్రాసికొని, వానిని ఒకరికొకరు ఎరవిచ్చుకొన్నచో, అందరికిని గ్రంథము సమకూడును. 2001లో అమెరికాదేశీయుడగు బ్రామ్ కోహెన్ రూపొందించిన బిట్‌టొరెంటు పద్ధతి ఇట్టిదే. అందు ఫైలు చిన్న ముక్కలుగా విభక్తమగును. ప్రతి ముక్కకును ఒక గుర్తుసంఖ్య యుండుటచే చెడిన ముక్క వెంటనే పట్టుబడును. కాని ఇందు పుచ్చుకొనువాడు సాధారణముగా అప్పుడే ఇచ్చువాడును అగుచున్నాడు. “నేను చూచుటకే తెచ్చుకొంటిని” అను సమాధానము అందుచే నిలువదు.

పద్ధతియందు దోషము లేదు. పంచు వస్తువును బట్టియే దోషము. 1957 నాటి కాపీరైటు చట్టము రచయిత మరణానంతరము 50 ఏండ్లు హక్కు నిలిపినది. రవీంద్రనాథ ఠాకూరు రచనల గడువు తీరనున్న తరుణమున దానిని 60 ఏండ్లకు పెంచిరి. 1992లో అది చట్టమైనది. తెలిసి అతిక్రమించినవారికి ఆరు మాసములనుండి మూడేండ్లవరకు కారాగారమును, 50 వేలనుండి 2 లక్షల రూపాయలవరకు జరిమానాయు చట్టము చెప్పుచున్నది. 2013లో “అత్తారింటికి దారేది” చిత్రభాగము విడుదలకు ముందే బయటకు పొక్కగా, నిర్మాతలు దానిని సెప్టెంబరు 27వ తేదీననే విడుదల చేయవలసివచ్చినది.

ఇక మన సంగతి. 1936లో ఒడిశా రాష్ట్రము ఏర్పడువరకు జయపురము విశాఖపట్టణ మండలములోనిది. నేడు మంచి తెలుగు పుస్తకమునకై మనలో పలువురు కొండ దిగి విజయనగరమో, విశాఖయో పోవలసియున్నది. దొరకినదానిని ఫోనులో పంచుకొందమను ఆశ సహజమే. ఆ ఆశకు ధర్మమైన మార్గమున్నది. గురజాడ అప్పారావు (1862–1915), సవర భాషకు సేవచేసిన గిడుగు రామమూర్తి (1863–1940) జీవించియుండగా ప్రచురించిన రచనల గడువు ఏనాడో తీరినది. వానిని ఎంతమందికైనను పంచవచ్చును. శ్రీశ్రీ 1983లో మరణించెను గావున ఆయన కవితలపై హక్కు 2043 చివరివరకు నిలుచును. పాత గ్రంథమునకు నేటివారు వ్రాసిన పీఠికకును వేరుగా హక్కుండును. పాఠము చెప్పు సందర్భమున గురుశిష్యులు ప్రతి తీసికొనుటకు చట్టమే అనుమతి నిచ్చుచున్నది.

ఒక్క మాట తల్లిదండ్రులకు. మనవంటి చోట తెలుగు పుస్తకము కొనువారు కొలదిమందియే. ఆ కొలదిమందియు కొనుట మానినచో, మన పిల్లలకై వ్రాయువాడు మరల కలము పట్టునా? గడువు తీరినదానిని ధారాళముగ పంచుదము. తీరనిదానిని నలుగురు కలసి కొని, ఆ ఒక్క ప్రతినే చేతులు మార్చి చదువుదము. భాషను నిలుపుటకు రెండును కావలెను.