ఫోను పాడయిందా? సెట్టింగు మారిందా?



పోయిన వేసవిలో నందిగామ దగ్గరి ఒక గ్రామంలో కుటుంబాలను దర్శిస్తుండగా ఒక పెద్దావిడ తన ఫోను నా చేతిలో పెట్టారు. "ఫాదర్ గారూ, ఇందులో మా ఆయన మాటలు ఉండేవండీ. ఇప్పుడు ఏమీ లేవు. ఒకసారి చూడండి" అన్నారు. భర్త ఆసుపత్రిలో ఉన్నప్పుడు వాట్సాప్‌లో పంపిన మాటలవి. ఆయన గతించాక రోజూ వినేవారట. ఒకనాడు మనవడు ఆడుకుంటూ ఏదో నొక్కగా, తెలుగులో ఉన్న ఫోను ఇంగ్లీషులోకి మారింది. ఫోను పాడయిందనుకొని ఒక దుకాణంలో చూపించారు. అక్కడ అంతా చెరిపి, కొత్త ఫోనులా చేసి ఇచ్చారు. నిజానికి అక్కడ జరగవలసింది రెండు నిమిషాల పని.

జగ్గయ్యపేట, నందిగామ ప్రాంతాల్లో పిల్లలు హైదరాబాదులోనో విదేశాల్లోనో ఉండి, తల్లిదండ్రులు ఊళ్లో మిగిలిన ఇళ్లు చాలా ఉన్నాయి. ఆ ఇళ్లలో ఫోనే బంధువు. కాబట్టి ఈ వారం ఈ పాఠం.

1. రాత వేరు, రూపం వేరు

సెమినరీలో తత్వశాస్త్రం చదివేటప్పుడు మాకు తొలుత నేర్పిన భేదం ఒకటుంది: వస్తువు వేరు, అది కనబడే తీరు వేరు. తీరు మారినంత మాత్రాన వస్తువు నశించదు. ఈ మాట ఫోనుకు కూడా సరిపోతుంది.

కంప్యూటరు అక్షరాన్ని అక్షరంగా దాచుకోదు, అంకెగా దాచుకుంటుంది. 1991లో వెలువడిన యూనికోడ్ అనే ప్రపంచ ప్రమాణంలో తెలుగుకు 3072 నుండి 3199 వరకు 128 స్థానాలు కేటాయించారు. 'అ' అక్షరం అంకె 3077. ఏ దేశంలో తెరిచినా అది 'అ'గానే ఉంటుంది. ఆ అంకెకు కంటికి కనబడే ఆకారం ఇచ్చేది ఫాంటు.

తెలుగుకు బదులు ఖాళీ గళ్లు కనబడితే, అంకె భద్రంగానే ఉంది, ఆకారం ఇచ్చే ఫాంటు మాత్రం లేదని అర్థం. ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు కలగాపులగంగా కనబడితే, అది చాలావరకు పాత డీటీపీ ఫాంటులో కొట్టిన ఫైలు అయి ఉంటుంది. ఆ ఫాంట్లు ఇంగ్లీషు అక్షరాల అంకెల మీదనే తెలుగు ఆకారాలు ఎక్కించేవి. పాత పెళ్లి పత్రికలు, విచారణ ప్రకటనలు ఇలాగే తయారయ్యాయి. అటువంటి ఫైలు చెడిపోలేదు, చెరిపివేయకండి. ముందు దానికి ఒక నకలు తీసి, ఆ ఫాంటునైనా కంప్యూటరులో పెట్టించండి, లేదా ఆ రాతను యూనికోడ్‌లోకి మార్పించండి.

2. 'జ్ఞా' నేర్పిన పాఠం

2018 ఫిబ్రవరిలో మన 'జ్ఞా' అక్షరం ప్రపంచమంతటా వార్తలకెక్కింది. జ్ఞానస్నానం అని రాసేటప్పుడు మనం మొదట పెట్టే అక్షరమే అది. దాని నడుమ కంటికి కనబడని ఒక గుర్తు చేరిన సందేశం వస్తే, ఐఫోన్లలో ఆ యాప్ ఉన్నట్టుండి మూసుకుపోయేది. మళ్లీ తెరిస్తే మళ్లీ మూసుకుపోయేది. ఫిబ్రవరి 19న ఆపిల్ సంస్థ ఐఓఎస్ 11.2.6 అనే అప్‌డేట్ విడుదల చేసి దీన్ని సరిదిద్దింది.

తప్పు తెలుగుది కాదు, దాన్ని చదివే ప్రోగ్రాముది. వాడేవారి పొరపాటు అసలే లేదు. ఇటువంటి లోపాన్ని దుకాణంలో విప్పి చూసినా ఫలితముండదు, అప్‌డేట్ చేసుకోవాలి. "తర్వాత చూద్దాం" అని అప్‌డేట్‌ను నెలల తరబడి వాయిదా వేయకండి.

3. తెలుగు పెట్టుకోవడం ఎలా?

ఆండ్రాయిడ్ ఫోనులో గేరు చక్రం బొమ్మ ఉన్న సెట్టింగ్స్ తెరవండి. సిస్టమ్‌లో లాంగ్వేజెస్ ఉంటుంది. కొన్ని కంపెనీల ఫోన్లలో వేరే చోట ఉండవచ్చు. అప్పుడు పైనున్న వెతికే గడిలో లాంగ్వేజ్ అని రాయండి. జాబితాలో ప్రతి భాష పేరు సాధారణంగా దాని సొంత లిపిలోనే ఉంటుంది కనుక 'తెలుగు' అన్న మాటను పెద్దలు కూడా గుర్తుపట్టగలరు. దాన్ని పైవరుసకు చేర్చండి. ఇంగ్లీషును తీసివేయకుండా రెండో వరుసలో ఉంచండి. అక్షరాలు చిన్నవిగా ఉంటే డిస్‌ప్లేలో ఫాంట్ సైజ్ పెంచండి.

విండోస్ 10, 11 కంప్యూటర్లలో సెట్టింగ్స్, టైమ్ అండ్ లాంగ్వేజ్ ద్వారా తెలుగు చేర్చుకోవచ్చు. విండోస్ మీట, స్పేస్ మీట కలిపి నొక్కితే భాష మారుతుంది. రాస్తున్నది హఠాత్తుగా వేరే భాషలో పడుతుంటే తెలియకుండా ఆ రెండూ నొక్కామేమో చూసుకోవాలి.

4. చికిత్సకు ఒక క్రమం

మొదట, చివరిగా ఏం మార్చామో గుర్తు చేసుకోవాలి. కొత్త యాప్ వేశామా? పిల్లలు ఏదైనా నొక్కారా? ఒకసారి ఒక్క మార్పే చేసి, దాన్ని కాగితం మీద రాసుకోవాలి. నాలుగు మార్పులు ఒకేసారి చేస్తే, దేనివల్ల బాగయిందో, దేనివల్ల చెడిందో తెలియదు.

తర్వాత ఫోను ఆపి మళ్లీ వేయాలి. ఆ తర్వాత స్టోరేజ్ నిండిందేమో, అప్‌డేట్ ఉందేమో చూడాలి. కొత్త యాప్ మీద అనుమానముంటే దాన్ని తీసివేసి చూడాలి.

అంతా చెరిపివేసే ఫ్యాక్టరీ రీసెట్ చిట్టచివరి మార్గం. దానికి ముందు ఫోటోలకు నకలు తీయాలి. వాట్సాప్ మాటలకు, సందేశాలకు ఆ యాప్‌లోనే సెట్టింగ్స్, చాట్స్, చాట్ బ్యాకప్ అని వేరుగా ఉంటుంది. దీన్ని చాలామంది మరచిపోతారు.

ఫోను బాగు చేస్తామంటూ ఎవరో అపరిచితులు ఫోన్ చేసి ఏదైనా యాప్ వేయమంటే వేయవద్దు, ఓటీపీ చెప్పవద్దు. మోసపోయి డబ్బు పోతే వెంటనే 1930కు ఫోన్ చేయాలి.

ఆ పెద్దావిడ ఫోనును తెలుగులోకి మార్చి, అక్షరాలు పెద్దవి చేసి ఇచ్చాను. పోయిన మాటలను మాత్రం తేలేకపోయాను. "ఇంత చిన్న పనా ఫాదర్ గారూ" అన్నారామె. నాకు జవాబు దొరకలేదు.

ఈ వారం ఇంట్లో చేయవలసినవి: యువకులారా, ఇంట్లో పెద్దల పక్కన కూర్చొని ఫోను వారికి చదవవచ్చే భాషలో ఉన్నదో లేదో అడగండి. చాట్ బ్యాకప్ జరుగుతున్నదో లేదో చూడండి. సెట్టింగు మీరే మార్చి వెళ్లిపోకుండా, వారి వేలితోనే చేయించండి. తల్లిదండ్రులారా, రెండుసార్లు అడగడానికి సిగ్గుపడకండి.