ఐడీ కార్డు ఇచ్చేశాక... (సందేహాలు – సమాధానాలు)

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే తరంవి. 1998లో హైదరాబాద్‌లో సైబర్ టవర్స్ తెరిచిన రోజుల్లో వీళ్లు డిగ్రీ చివర్లో ఉన్నారు, లేదా అమీర్‌పేట మైత్రీవనం చుట్టుపక్కల కోర్సుల కోసం తిరుగుతున్నారు. ఇప్పుడు యాభైకి అటూ ఇటూ ఉన్నారు. కంపెనీ పంపేసినవాళ్లు కొందరు, తామే చాలనుకుని వచ్చేసినవాళ్లు కొందరు. వీళ్లకు ముందు ఈ దారిన నడిచినవాళ్లు మన ఇళ్లలో పెద్దగా లేరు. ప్రభుత్వోద్యోగికి ఆంధ్రప్రదేశ్‌లో 62, తెలంగాణలో 61 అని ముందే తెలుసు. ఆ రోజున శాలువా కప్పి, దండ వేసి, ఇంటిదాకా దిగబెట్టి వస్తారు. 48 ఏళ్లకు ల్యాప్‌టాప్ అప్పజెప్పి బయటికొచ్చిన మనిషికి అలాంటి వీడ్కోలేమీ ఉండదు. మర్నాడు పొద్దున తనేం చేయాలో ఇంట్లోవాళ్లకీ తెలియదు. అందుకే వీళ్ల ప్రశ్నల్ని ఈ వారం ఒకచోట చేర్చాను.

ప్రశ్న: నాకు 49. ఇరవై నాలుగేళ్లు సాఫ్ట్‌వేర్‌లో చేసి, డెలివరీ మేనేజర్‌గా ఉండగా ఎనిమిది నెలల క్రితం మానేశాను. ఇంటి లోన్ తీరిపోయింది, డబ్బుకి ఇబ్బంది లేదు. నా భార్య టీచర్. ఆవిడా, బాబూ ఏడున్నరకల్లా వెళ్లిపోతారు. ఆ తర్వాత రోజు గడవదు. మానేశాక చదువుదామని కొన్న పుస్తకాలు అట్టలు కూడా తెరవలేదు. నడకకి బయల్దేరదామంటే సాయంత్రం చూద్దాంలే అనిపిస్తుంది. లేవగానే చెయ్యి ఫోన్ మీదికి పోతుంది, అందులో మెయిల్ ఏదీ ఉండదు. ఇది డిప్రెషనా? మళ్లీ ఏదో ఒక ఉద్యోగంలో చేరిపోతే సరిపోతుందా?
– ఒక పాఠకుడు, మియాపూర్

జవాబు: ముందు మీ మొదటి ప్రశ్న. రెండు వారాలకు పైగా రోజులో ఎక్కువసేపు దిగులుగా ఉండడం, ఒకప్పుడు ఇష్టమైనవేవీ రుచించకపోవడం, నిద్ర, ఆకలి తారుమారవడం, నేనెందుకూ పనికిరానన్న ఆలోచన పదే పదే రావడం... ఇవి కలిసి కనిపిస్తుంటే సైకియాట్రిస్టుని కలవాల్సిందే. అది మందులతో, కౌన్సెలింగ్‌తో నయమయ్యే జబ్బు. బతకడం ఎందుకన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా ఆగకండి. 14416 టెలీ మానస్ నంబరు. ఏ వేళకైనా, డబ్బు ఖర్చు లేకుండా, తెలుగులో మాట్లాడొచ్చు.

ఉత్తరంలో మీరు రాసిన మేరకు చూస్తే ఇంకొకటి కూడా కనిపిస్తోంది. వియన్నా దగ్గర మారియెంటాల్ అని ఒక చిన్న ఊరుండేది. ఊరంతా ఒక్క బట్టల మిల్లు మీదే బతికేది. 1930 ప్రాంతంలో ఆ మిల్లు మూతపడింది. మారీ యహోడా అనే యువ సైకాలజిస్టు, తన సహచరులతో కలిసి ఆ ఊళ్లో ఏం జరుగుతోందో దగ్గరుండి చూసింది. మనుషులకు ఇప్పుడు రోజంతా తీరికే కదా, లైబ్రరీ కళకళలాడాలి. కానీ జనం తీసుకెళ్లే పుస్తకాలు దాదాపు సగానికి పడిపోయాయి. వీధిలో నడిచే మగవాళ్లను గడియారం పట్టి గమనిస్తే, మెల్లగా నడుస్తున్నారు, దారిలో పదే పదే ఆగుతున్నారు. వెళ్లాల్సిన చోటు లేదు మరి. అక్కడ పేదరికం ఉంది, మీ ఇంట్లో లేదు. ఆ తేడా చిన్నది కాదు. కానీ తెరవని పుస్తకాలు, సాయంత్రానికి వాయిదా పడిన నడక అచ్చంగా మారియెంటాల్‌లో జరిగినవే. ఇది మీ బద్ధకం కాదు.

ఉద్యోగం జీతంతో పాటు ఐదు ఇస్తుందని యహోడా తర్వాత రాసింది: రోజుకొక ఆకారం, ఇంటి బయటి మనుషులు, పదిమందితో కలిసి సాధించేదొకటి, సమాజంలో ఒక స్థానం, తప్పనిసరిగా చేయాల్సిన పని. మీరు జీతానికి ప్రత్యామ్నాయం చూసుకుని బయటికొచ్చారు. మిగతా ఐదూ ఆ బిల్డింగ్‌లోనే ఉండిపోయాయి. నా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది డబ్బు లెక్క పదిసార్లు వేసుకుని వస్తారు, ఈ లెక్క మాత్రం ఒక్కసారీ వేసుకోరు.

అంచేత ఇప్పుడే జీవిత లక్ష్యం వెతుక్కోవద్దు. ముందు రోజుని నిలబెట్టుకోండి. రోజులో రెండు పనులకు గడియారం పెట్టండి. వాటిలో ఒకటి, మీరు రాకపోతే ఇంకో మనిషికి ఇబ్బంది కలిగేదై ఉండాలి. ఒక్కరే నడిస్తే వాయిదా పడుతుంది. ఆరింటికి షటిల్ కోర్టు దగ్గర మీకోసం ఒక పార్ట్‌నర్ నిలబడి ఉంటే వాయిదా పడదు. వారంలో మూడు రోజులు దగ్గర్లోని ప్రభుత్వ పాఠశాలలో హెడ్మాస్టరుతో మాట్లాడి పదో తరగతికి లెక్కలు చెప్పడం లాంటివి కూడా ఈ కోవలోకే వస్తాయి. ఇరవై నాలుగేళ్లు టీమ్‌లను నడిపినవారు, పిల్లలకు ఓపికగా చెప్పగలరు.

రెండోది ఇంట్లో. రాత్రి వంట మీరు తీసుకోండి. 'సాయం చేయడం' కాదు, పూర్తిగా తీసుకోవడం. ఫ్రిజ్‌లో ఏముందో చూడడం, సాయంత్రం సంతకెళ్లి బీరకాయ లేతగా ఉందో లేదో గిల్లి చూసి తేవడం, పప్పు ముందే నానబెట్టడం, తిన్నాక స్టవ్ గట్టు తుడవడం దాకా. మీ భార్య రోజంతా నిలబడి పాఠాలు చెప్పి వస్తున్నారు. ఆవిడకది ఎంత పెద్ద తెరిపో నెల తిరక్కముందే మీకే తెలుస్తుంది.

మళ్లీ ఉద్యోగం తప్పేమీ కాదు. ఆ పని మీద ఇష్టముంటే తప్పకుండా చేరండి. పగలు పదకొండింటికి ఇంట్లో ఒక్కరే ఉండలేక మాత్రం చేరకండి. అలా చేరితే 58 ఏళ్లకు ఇదే ఉత్తరం మళ్లీ రాయాల్సి వస్తుంది. రోజు నిలబడ్డాక, ఓ మూడు నెలలాగి నిర్ణయించుకోండి.

ప్రశ్న: వచ్చే నెలలో రాజీనామా చేస్తున్నాను. వయసు 51. పీఎఫ్ మొత్తం తీసి జహీరాబాద్ వైపు మూడెకరాలు కొని మామిడి తోట వేద్దామనుకుంటున్నాను. ఒత్తిడి వల్ల బీపీ వచ్చింది, మట్టిలో ఉంటే తగ్గుతుందని నమ్మకం. మీరేమంటారు?
– ఒక పాఠకుడు, గచ్చిబౌలి

జవాబు: రాజీనామా ఇంకా ఇవ్వలేదు కాబట్టి ముందు ఆరోగ్య బీమా మాట. కంపెనీ గ్రూప్ పాలసీ సాధారణంగా ఆఖరి పనిదినంతో ఆగిపోతుంది. బీపీ ఉన్నవారు బయట కొత్తగా పాలసీ తీసుకుంటే ఆ జబ్బుకి మూడేళ్ల దాకా వెయిటింగ్ పెట్టొచ్చు. గ్రూప్ పాలసీ ఉండగానే అదే బీమా కంపెనీ వ్యక్తిగత పాలసీలోకి మారితే, అందులో గడిపిన కాలం ఈ వెయిటింగ్‌లో లెక్కకొస్తుంది. హెచ్ఆర్‌ని ఈ వారమే అడగండి, రాతపూర్వకంగా అడగండి. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య బీమా ప్రీమియం మీద జీఎస్టీ కూడా లేదు. మీ పాలసీలో అమ్మానాన్నలు కూడా ఉండి, వాళ్లకు 70 దాటి ఉంటే, ఆదాయంతో నిమిత్తం లేకుండా ఆయుష్మాన్ భారత్ కింద ఏడాదికి కుటుంబానికి 5 లక్షల దాకా చికిత్స ఉంది. ఆ కార్డు తీసిపెట్టండి.

ఇక పీఎఫ్. దాంట్లో పెన్షన్ భాగం వేరు. పదేళ్ల సర్వీసు నిండితే పెన్షన్‌కి అర్హులే. 58కి పూర్తిగా వస్తుంది. 50 దాటాక ముందే తీసుకోవచ్చు గానీ, ముందు తీసుకునే ఒక్కో ఏడాదికి 4 శాతం చొప్పున కోత పడుతుంది. దాని మీద ఆశలు పెట్టుకోకండి. 15,000 జీతం పరిమితి మీద 35 ఏళ్ల సర్వీసుకు లెక్క కట్టినా నెలకు 7,500 దగ్గరే ఆగుతుంది. అందుకే మిగతా పీఎఫ్ మీకు అంత ముఖ్యం. దాన్ని మొత్తంగా భూమిలో పెట్టవద్దు. నా మాట ఇందులో గట్టిగానే చెబుతున్నాను.

మామిడి మొక్క నాటాక చెప్పుకోదగ్గ కాపుకి ఐదేళ్లు పడుతుంది. అంటే మీకు 56. ఈలోపు బోరు, డ్రిప్పు, కంచె, కాపలా మనిషి జీతం, అన్నీ చేతి నుంచే. కాపు వచ్చిన ఏడాది పూత మీద తేనెమంచు పురుగు పడితే, మార్చిలో గాలివాన వస్తే ఆ ఏటి రాబడి నేల రాలుతుంది. సేద్యం చేసే ఇంట్లో పుట్టినవాళ్లకు ఇదంతా తెలిసిన సంగతే. ఒత్తిడి తగ్గాలని పొలానికి వెళ్తే, దిగుబడి మీద ఇల్లు గడవాల్సిన రోజున ఒత్తిడి అక్కడికీ వస్తుంది.

కోరిక మాత్రం మంచిది, దాన్ని చంపుకోవద్దు. రెండేళ్ల ఇంటిఖర్చు విడిగా డిపాజిట్‌లో పెట్టండి. అదే ప్రాంతంలో ఒక ఎకరం కౌలుకి తీసుకుని ఒక వానాకాలం, ఒక యాసంగి చేసి చూడండి. సంగారెడ్డిలో పండ్ల పరిశోధన స్థానం ఉంది, మామిడి మీద పనిచేసినవాళ్లున్నారు. కొనకముందే వెళ్లి మట్టి, నీరు, రకాల గురించి అడగండి. ఏడాది తర్వాత కూడా తెల్లవారుజామున లేచి ఆ ఎకరం దగ్గరికి వెళ్లాలనిపిస్తే, అప్పుడు కొనుక్కోవచ్చు. ఇంకొక మాట. బీపీ మందు మట్టిని నమ్మి ఆపకండి. డాక్టరు తగ్గించమంటే తగ్గించండి.

ప్రశ్న: నాకు 47. ప్రైవేటు బ్యాంకులో ఇరవై ఏళ్లు చేశాను, చివర్లో బ్రాంచి హెడ్‌ని. అత్తగారికి తుంటి విరిగింది, అమ్మాయి ఇంటర్ రెండో ఏడాది. అందుకని నేనే మానేశాను, ఎవరూ బలవంతపెట్టలేదు. ఏడాదైంది. గ్యాస్ బండొచ్చినా, ప్లంబరొచ్చినా, ఆడపడుచు కొడుక్కి ఆధార్ పనున్నా 'నువ్వు ఇంట్లోనేగా' అంటారు. రాత్రి రెండింటికి మెలకువ వస్తుంది. ఒళ్లంతా ఆవిర్లు, దిండు తడిసేంత చెమట. అందరి మీదా విసుక్కుంటున్నాను. మానేసి తప్పు చేశానా?
– ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: అమ్మా, రాత్రి రెండింటికి మెలకువలో ఆ ప్రశ్న వేసుకోకండి. ముందు గైనకాలజిస్టు దగ్గరికి వెళ్లండి. పాశ్చాత్య దేశాల్లో నెలసరి ఆగే సగటు వయసు 51 అయితే, మన దేశంలో స్త్రీలకు 46, 47 దగ్గరే. దానికి ముందు కొన్నేళ్లు ఆవిర్లు, రాత్రి చెమటలు, తెగిన నిద్ర, చిరాకు, మతిమరుపు మామూలే. థైరాయిడ్ తేడా చేసినా, రక్తం తగ్గినా కొంత ఇలాగే ఉంటుంది కాబట్టి ఆ పరీక్షలు కూడా చేయించుకోండి. చికిత్సలున్నాయి, ఏది మీకు సరిపోతుందో డాక్టరు చూస్తారు. మీ విసుగులో సగం నిద్రలేమిదని నా అనుమానం. ఆ సగాన్ని నిర్ణయం మీదికి నెట్టొద్దు.

మిగతా సగం మాత్రం నిజంగానే ఇంటిది. పై జవాబులో చెప్పిన మారియెంటాల్‌లో మగవాళ్లు మెల్లగా నడిస్తే, ఆడవాళ్లు మాత్రం గబగబా నడిచేవారు. వాళ్లకు మిల్లు పని పోయింది గానీ వంట, పిల్లలు, బట్టలు పోలేదు. మిల్లు తెరిస్తే మళ్లీ వెళ్తామని, అది డబ్బు కోసమే కాదని చెప్పినవాళ్లూ అందులో ఉన్నారు. మీరు మానేసింది అత్తగారి కోసం, అమ్మాయి కోసం. ఆడపడుచు కొడుకు ఆధార్ కోసం కాదు. ఈ గీత మీ ఇంట్లో ఎవరూ గీయలేదు, మీరే గీయాలి.

ఒక వారం పాటు మీ చేతుల మీదుగా జరిగిన ప్రతి పనీ, ఎంతసేపు పట్టిందో, డైరీలో రాయండి. కోపంగా ఉన్నప్పుడు కాకుండా ఆదివారం పొద్దున కాఫీ దగ్గర దాన్ని మీవారి ముందు పెట్టండి. చదివాక ఆయనే కొన్ని తీసుకుంటారు. తీసుకోకపోతే పేరుపెట్టి అప్పజెప్పండి. అత్తగారికి మధ్యాహ్నం పూట ఒక ఆయాని పెట్టుకోండి. వారంలో రెండు మధ్యాహ్నాలు మీవి, ఆ వేళ ఇంట్లో ఉండకండి. ప్రతి నెలా మీ పేరున ఒక మొత్తం జమ కావాలి. ఖాతాదారులకు ఇన్నేళ్లు ఈ సలహా ఇచ్చినవారే, మీ దగ్గరికొచ్చేసరికి మొహమాటపడొద్దు.

బ్యాంకులో ఉండగా మ్యూచువల్ ఫండ్లకు ఎన్ఐఎస్ఎం పరీక్ష రాసి ఉంటే, ఆ సర్టిఫికెట్ గడువు మూడేళ్లే. తేదీ చూసుకుని పునరుద్ధరించుకోండి. అమ్మాయి కాలేజీలో చేరి, అత్తగారు నడవడం మొదలుపెట్టాక మీరు తిరిగి వెళ్లొచ్చు, వెళ్లకపోవచ్చు. తలుపు మాత్రం తెరిచే ఉండాలి. తప్పు చేశారా అంటే, చేయలేదు. అవసరమైన రోజున అవసరమైన పని చేశారు. ఆ అవసరం తీరిపోయాక కూడా అలాగే ఉండమని మీకెవరూ చెప్పలేదు.

ప్రశ్న: అమ్మాయికి సంబంధాలు చూస్తున్నాం. నాకు 53, కంపెనీ వదిలి ఏడాదిన్నర. పెళ్లివారు అడిగితే ఇంకా చేస్తున్నానని చెప్పమంటోంది మా ఆవిడ. ఏం చేయాలి?
– ఒక తెలుగు పాఠకుడు, బెంగళూరు

జవాబు: అబద్ధం వద్దు. ఒక్క ఫోన్ కాల్‌తో బయటపడుతుంది, అప్పుడు మాట పడేది మీ అమ్మాయి. మీ ఆవిడ భయం మాత్రం తేలిగ్గా తీసేయకండి. పెళ్లిచూపుల్లో 'నాన్నగారేం చేస్తుంటారు' అన్న మాటకు మన దగ్గర ఉన్న బరువు ఆవిడకి తెలుసు. ఆ ప్రశ్నకి సంజాయిషీగా కాకుండా ఒక్క వాక్యంలో జవాబివ్వండి: 'ఇరవై ఎనిమిదేళ్లు ఫలానా రంగంలో చేసి, కిందటేడు మానేశానండీ, ఇప్పుడు ఇది చేస్తున్నాను.' ఆ చివరి ముక్కలో చిన్నదైనా నిజమైనది ఒకటుండాలి. వారానికి రెండు రోజుల కన్సల్టింగ్ కావచ్చు, అపార్ట్‌మెంట్ సంఘం లెక్కలు కావచ్చు. ఈ వాక్యాన్ని ముందుగా మీ ఆవిడ ఎదుట, అమ్మాయి ఎదుట రెండుసార్లు చెప్పి చూడండి. ముగ్గురూ ఒకే మాట మీద ఉంటే పెళ్లివారి ముందు తడబాటుండదు. తండ్రి ముందే ఉద్యోగం మానేశాడని వెనక్కి తగ్గే సంబంధమైతే, అది ఇప్పుడే తెలియడం మీ అమ్మాయికి మంచిది.