దవడ ఆపరేషన్ – సెలవు లెక్క

పన్ను పీకించుకుని మర్నాడే క్లాసుకు వచ్చేవారిని మనం రోజూ చూస్తుంటాం. ఆ కళ్ళతోనే దవడ ఆపరేషన్‌ను కూడా చూస్తాం. "నోట్లోదే కదా, వారంలో సరిపోతుంది" అనేస్తాం. కాని దవడ ఎముక. కాలు విరిగి కట్టు కట్టించుకున్నవాణ్ణి పరుగెత్తమని ఎవరూ అనరు. దవడకు వేసిన కట్టు పైకి కనబడదు గనుక తినమంటారు, మాట్లాడమంటారు, డ్యూటీకి రమ్మంటారు. ఆపరేషన్ సంగతి వైద్యులు చూసుకుంటారు. దాని చుట్టూ హాజరును, పరీక్షలను, షిఫ్టులను ఎలా అమర్చుకోవాలో ఈ వ్యాసంలో పరిశీలిద్దాం.

ఎవరికి అవసరం?

ఈ ఆపరేషన్లు ప్రధానంగా రెండు రకాలు. రోడ్డు ప్రమాదంలోనో, పని స్థలంలోనో దవడ విరిగితే చేసేది ఒకటి. దానికి ముహూర్తం మన చేతిలో ఉండదు. రెండవది పై దవడ, కింది దవడ పొంతన లేకుండా పెరిగి నమలడం, మాట్లాడడం ఇబ్బంది అయినప్పుడు చేసేది. దీనికి తేదీ ముందుగా నిర్ణయించుకోవచ్చు. ఎదుగుదల ఆగిన తరువాతనే చేస్తారు గనుక, ఇది సరిగ్గా కాలేజీ వయసులోనే ఎదురవుతుంది.

కింది దవడను కోసి సరిచేసే ప్రయత్నం 1849లోనే అమెరికాలో హల్లిహెన్ అనే వైద్యుడు చేశాడు. నోటి లోపలినుంచే, ముఖం మీద మచ్చ పడకుండా చేసే నేటి పద్ధతికి బాట వేసినవాడు ఆస్ట్రియాలో పుట్టిన ఆబ్వెగెసర్. అది 1950 దశకం మాట. ఆ రోజుల్లో ఆపరేషన్ తరువాత పై పళ్ళను, కింది పళ్ళను తీగెలతో కలిపి ఆరేడు వారాలు కట్టేసేవారు. తరువాత చిన్న చిన్న లోహపు ప్లేట్లు, స్క్రూలు వచ్చాయి. ఇప్పుడు చాలామందికి రబ్బరు బ్యాండ్లతో సరిపోతోంది. నోరు త్వరగా తెరుచుకుంటుంది. చిక్కు కూడా అక్కడే మొదలవుతుంది.

రెండు గడువులు

మొదటి గడువు ముఖానిది. వాపు రెండు మూడు రోజులకు బాగా పెరిగి, రెండు మూడు వారాల్లో చాలావరకు తీస్తుంది. అప్పటికి కూర్చుని చదువుకోవచ్చు, క్లాసు వినవచ్చు, బల్ల దగ్గర పని చేయవచ్చు. రెండవది ఎముక గడువు. ఎముక ఒక మోస్తరుగా అతుక్కోవడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు, పూర్తి బలం రావడానికి మూడు నాలుగు నెలలు పడుతుంది. కింది పెదవి, గడ్డం మొద్దుబారడం వారాలు, నెలలు ఉండవచ్చు. కొద్దిమందిలో కొంత మొద్దుతనం శాశ్వతంగా మిగలవచ్చు కూడా.

అద్దంలో ముఖం బాగుందని మొదటి గడువునే రెండవదిగా భావించేవారే చిక్కుల్లో పడతారు. మూడో వారంలో చెగోడీ కొరికితేనో, కబడ్డీలో మోచెయ్యి తగిలితేనో ప్లేటు వదులవచ్చు, పళ్ళ పొంతన తప్పవచ్చు. అప్పుడు మళ్ళీ ఆపరేషన్, మళ్ళీ సెలవు.

విద్యార్థి లెక్క

తేదీని వెనకనుంచి లెక్కించుకోవాలి. సాధారణంగా ఆపరేషన్‌కు ముందు ఏడాది, ఏడాదిన్నర పళ్ళకు క్లిప్పులు ఉండాలి. తరువాత మరో ఆర్నెల్ల నుంచి ఏడాది ఉంటాయి. మూడేళ్ళ డిగ్రీ విద్యార్థిని తీసుకుందాం. మొదటి సంవత్సరం దసరా లోపల క్లిప్పులు వేయించుకుంటే, రెండవ సంవత్సరం పరీక్షలు కాగానే వేసవి సెలవుల మొదటి వారంలో ఆపరేషన్‌కు సిద్ధమవుతాడు. కాలేజీ తెరిచేనాటికి ఆరు వారాలు గడిచిపోతాయి. జ్ఞానదంతం తీయవలసి ఉంటే కొందరు వైద్యులు ఆర్నెల్లు ముందే తీయిస్తారు. అది దసరా సెలవుల్లోనో, సంక్రాంతి సెలవుల్లోనో పెట్టుకోవచ్చు. మౌఖిక పరీక్షలు, ఉద్యోగపు ఇంటర్వ్యూలు మొదటి ఆరు వారాల్లో పడకుండా చూసుకోవాలి. బ్యాండ్లు ఉన్న నోటితో తెలిసిన జవాబు కూడా తడబడుతుంది.

ప్రమాదంలో విరిగినవారికి ఈ వెసులుబాటు లేదు. చాలాచోట్ల హాజరు 75 శాతం ఉండాలి. వైద్య కారణాలపై కొంత మినహాయింపు ఉంటుంది గాని అది అడిగినవారికే దొరుకుతుంది. ఆసుపత్రిలో చేరిన వారంలోనే ప్రిన్సిపాల్ గారికి సర్టిఫికెట్‌తో దరఖాస్తు పంపాలి. పరీక్ష ఫీజు గడువునాడు పరుగెత్తితే లాభం లేదు.

ఉద్యోగి లెక్క

మన ఊళ్ళో పగలు పోర్టులోనో, ఉక్కునగరంలోనో పని చేసుకుంటూ సాయంత్రం చదువుకునేవారు ఉన్నారు. గుమాస్తాకు మూడు వారాలు చాలవచ్చు. బరువులు మోసేవారికి, నిచ్చెనలు ఎక్కేవారికి కనీసం ఆరు వారాలు కావాలి. హెల్మెట్ పట్టీ సరిగ్గా గడ్డం కిందనే నొక్కుతుంది. పట్టీ లేకుండా ప్లాంటులోకి పోకూడదు, పట్టీతో దవడకు ఇబ్బంది. కనుక పట్టీ ఎప్పటినుంచి పెట్టుకోవచ్చో వైద్యుణ్ణి అడగాలి. అంతవరకు స్కూటరు మాని బస్సు ఎక్కడం మేలు. గంటల తరబడి పాఠం చెప్పే అధ్యాపకులు కూడా కూర్చున్న గుమాస్తాతో పోల్చుకోరాదు.

ఇ.ఎస్.ఐ. పరిధిలోని కార్మికుడికి, ఆరు నెలల చందా కాలంలో కనీసం 78 రోజుల చందా ఉంటే, ఏడాదికి గరిష్ఠంగా 91 రోజుల వరకు జీతంలో 70 శాతం అనారోగ్య భృతి వస్తుంది. ఇ.ఎస్.ఐ. వైద్యుడి సర్టిఫికెట్ ఉండాలి. కాంట్రాక్టు పని చేసేవారు ఆపరేషన్‌కు ముందే తమ చందా రోజులు సరిచూసుకోవాలి.

ఫిషింగ్ హార్బర్ కుటుంబాల పిల్లలకు ప్రకృతి, ప్రభుత్వం కలిసి ఇచ్చిన సెలవు ఒకటుంది. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు మరబోట్లకు వేట నిషేధం. తోడుండే పెద్దలూ ఒడ్డునే ఉంటారు. దవడలు కట్టి ఉన్న మనిషి సముద్రం మీదికి పోనేకూడదు. అక్కడ వాంతి అయితే ప్రాణం మీదికి వస్తుంది. ఒడ్డున ఉన్నా సరే, కట్టు కత్తిరించే సాధనం ఎల్లవేళలా దగ్గర ఉండాలి. దాన్ని ఎలా వాడాలో ఇంట్లో ఒకరు నేర్చుకోవాలి.

తిండి

మొదటి రోజుల్లో ద్రవాలే. తరువాత సుమారు ఆరు వారాలు నమలనక్కరలేని మెత్తని తిండి. ఇందుకు డబ్బాల పొడులే కొనక్కరలేదు. పలచని చోడి అంబలి, పప్పుకట్టు, మజ్జిగ, పాలు, మిక్సీలో వేసి వడగట్టిన కూరగాయల చారు, ముల్లు లేకుండా వడగట్టిన చేపల పులుసు, అన్నీ పనికివస్తాయి. కారం తగ్గించాలి. ఒక్కసారి ఎక్కువ తాగలేరు గనుక రోజుకు ఆరేడుసార్లు తాగాలి. అయినా కొన్ని కిలోలు తగ్గడం మామూలే. మే నెల ఉక్కపోతలో నీళ్ళు ముఖ్యం. పెదవి మొద్దుబారినవారు టీ, చారు గోరువెచ్చగానే తీసుకోవాలి. కాలినా తెలియదు.

డ్యూటీలో ఉన్నవాడు షిఫ్టుకు ఎన్నిసార్లు తాగాలో, ఎక్కడ నోరు కడగాలో ముందే చూసుకోవాలి. పుచ్చిపోని పళ్ళు, కడిగిన నోరు, ఇవే కుట్లకు రక్ష. పొగ తాగేవారు మానాలి. పొగ ఎముక అతుక్కోవడాన్ని ఆలస్యం చేస్తుంది.

ఒక కాగితం, మూడు తేదీలు

ఆసుపత్రినుంచి వచ్చేటప్పుడు వైద్యునిచేత మూడు తేదీలు కాగితం మీద రాయించుకోండి. కూర్చుని చేసే పనికి ఒకటి, బరువు ఎత్తడానికి ఒకటి, గట్టివి నమలడానికి, ఆటలకు ఒకటి. ఆటల తేదీ సాధారణంగా మూడు నెలలకు తగ్గదు. మనిషి మనిషికీ ఈ తేదీలు మారతాయి. స్నేహితుడి తేదీలు మనకు పనికిరావు. ఒక నకలు కాలేజీలో, ఒక నకలు పని చేసేచోట ఇవ్వండి.

ఆ కాగితం అందుకునే అధ్యాపకులకు, సూపర్‌వైజర్లకు ఒక విన్నపం. మూడో వారంలో నవ్వుతూ వచ్చిన కుర్రవాణ్ణి చూసి "బాగానే ఉన్నావుగా" అనకండి. ముఖం వైపు కాకుండా కాగితం వైపు చూడండి. ఆ ఒక్క చూపుతో ఒకరికి చదువు సంవత్సరం మిగులుతుంది, మరొకరికి ఉద్యోగం నిలుస్తుంది.